మంచి రెడ్ వైన్ ఇచ్చే ఆనందం రుచిదా, సీసా మీది పేరుదా?

ద్రాక్షతీగ:
ఖరీదైన రెడ్ వైన్ రుచి చూసినప్పుడు కలిగే ఆనందంలో అధికభాగం పేరూ ధరా కల్పించేదేనని నా వాదన. 2001లో ఫ్రెడరిక్ బ్రోషే, ఆయన సహపరిశోధకులు ఫ్రాన్స్‌లోని బోర్డోలో 54 మంది వైన్ విద్యార్థులకు వైట్ వైన్‌లో వాసన లేని ఎరుపు రంగు కలిపి ఇస్తే, వారు దాని వాసనను రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో ప్రచురితమైన కాలిఫోర్నియా ప్రయోగంలో ఒకే వైన్‌ను ఒకసారి 10 డాలర్లదనీ, మరోసారి 90 డాలర్లదనీ చెప్పి ఇవ్వగా, ధర ఎక్కువని విన్నప్పుడే అది మరింత బాగుందన్నారు. మెదడులో ఆహ్లాదాన్ని గుర్తించే భాగం కూడా అప్పుడే ఎక్కువగా స్పందించింది.

నేలమాళిగ:
ద్రాక్షతీగ గారూ, మన కన్నూ అంచనా మనల్ని ఎంతగా మోసగించగలవో ఆ ప్రయోగాలు చూపాయి, అంతవరకు ఒప్పుకుంటాను. అయితే పేరు కనబడకుండా తాగినప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి కదా. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన పోటీలో ఫ్రెంచి నిపుణులు లేబుళ్లు చూడకుండా మార్కులు వేసి, కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ సంస్థ 1973 నాటి కాబర్నే సావిన్యోన్‌ను (ఆ పేరుగల ద్రాక్షతో చేసే రెడ్ వైన్) మొదటి స్థానంలో నిలిపారు. బోర్డోకు చెందిన ప్రఖ్యాత వైన్, 1970 నాటి షాటో మూటన్ రాట్‌షిల్డ్, దాని తరువాతే వచ్చింది. ఆనందమంతా పేరుదే అయితే ఆ ఫలితం రాకూడదు.

ద్రాక్షతీగ:
ఆ మొదటి రెండు వైన్ల మధ్య తేడా అతి స్వల్పం, పైగా న్యాయనిర్ణేతలు వేసిన మార్కులు ఒకరివి ఒకరితో కలవలేదు. నిపుణులకే ఏకాభిప్రాయం లేని చోట రుచికి ప్రమాణం ఎక్కడుంది?

నేలమాళిగ:
వరుసక్రమం మీద భేదాభిప్రాయం ఉన్నంత మాత్రాన ఆనందం అబద్ధం కాదు. ఒకే కచేరీ విన్న ఇద్దరు రసికులు ఏ కీర్తన గొప్పగా వచ్చిందన్న విషయంలో విభేదించినా, ఇద్దరూ సంగీతాన్నే విన్నారు. లేత కాబర్నేలోని టానిన్లు, అంటే ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు పదార్థాలు, లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల చిగుళ్లు బిగిసినట్లయి, వగరు నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు ఒకదానితో ఒకటి కలిసి మెత్తబడతాయి, కొంత అవక్షేపంగా సీసా అడుగుకు చేరుతుంది, గ్లాసును తెల్లని బట్ట ఎదుట వంచి చూస్తే అంచున ఊదా రంగు పోయి ఇటుక రంగు తేలుతుంది. వాసనలో తాజా పండు వెనక్కి తగ్గి దేవదారు, పొగాకు, తడి ఆకులు ముందుకు వస్తాయి. ఒక గుక్క మింగిన తరువాత కూడా ఆ పరిమళం నోటిలో మారుతూనే ఉంటుంది, నాకు ఈ పానీయంలో అన్నిటికన్నా ప్రియమైన ఘడియ అదే. ఇవేవీ ధర చెప్పినందువల్ల పుట్టేవి కావు. 2006లో ఆ పారిస్ పోటీలోని రెడ్ వైన్లనే మళ్లీ రుచి చూసినప్పుడు, కాలిఫోర్నియా వైన్లు ఎక్కువకాలం నిలవవన్న నమ్మకానికి విరుద్ధంగా కాలిఫోర్నియాదే అయిన రిడ్జ్ మాంటె బెల్లో 1971 ప్రథమ స్థానం పొందింది.

గోల్కొండవాసి:
ఒక ఆచరణాత్మకమైన మాట చేర్చనివ్వండి. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రత వద్ద ఇవ్వాలన్న సూత్రం ఐరోపాలోని చల్లని ఇళ్లకు పుట్టినది. హైదరాబాదు వేసవిలో ముప్పై డిగ్రీలు దాటిన గదిలో పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప మరేదీ ముక్కుకు అందదు. సీసాను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి 16 నుంచి 18 డిగ్రీల మధ్యకు తెస్తే తప్ప ఈ చర్చలో చెబుతున్న పరిమళాలు ఇక్కడివారికి అనుభవంలోకి రావు.

ద్రాక్షతీగ:
అవక్షేపం, రంగు ధరతో మారవని ఒప్పుకుంటాను. కానీ అంతకాలం సీసా దాచగలిగేది సంపన్నులే కాబట్టి, ఆ రుచి చివరికి ధనానికే కట్టుబడి ఉంది.

నేలమాళిగ:
అందుకే స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు వైన్‌ను చూడమంటాను. అక్కడ సీసా మీద ‘గ్రాన్ రిజర్వా’ అని రాయాలంటే రెడ్ వైన్‌ను తయారీదారే కనీసం ఐదేళ్లు నిల్వ ఉంచాలి, అందులో రెండేళ్లు ఓక్ పీపాలో గడవాలి. మగ్గే కాలమంతా వారి నేలమాళిగలోనే గడుస్తుంది. బోర్డోలోని ప్రఖ్యాత షాటోల (వైన్ తయారుచేసే ఎస్టేట్ల) వైన్ల ధరతో పోలిస్తే అది చాలా తక్కువకే దొరుకుతుంది. లేబుల్ కప్పి ఒక లేత వైన్ పక్కన దాన్ని పోసి చూడండి, ఆ తేడా మీకే తెలుస్తుంది.