రోలాజ్‌ పట్టీలు చివరికి వచ్చేసరికి వరస తప్పుతున్నాయి

ప్రశ్న (కత్తెర‌_కాగితం):
కాగితం ముక్కలు అంటించి బొమ్మలు (కొలాజ్‌లు) చేసిన చెక్ కళాకారుడు యిర్జీ కొలార్ష్ గౌరవార్థం చిన్న ప్రదర్శన పెడుతున్నాం. 1969లో బ్రెజిల్‌లోని సావో పావ్‌లో బియనాలేలో (రెండేళ్ళకోసారి జరిగే కళాప్రదర్శన) బహుమతి తెచ్చుకున్న కళాకారుడు, ఏ కళాశాలలోనూ చదవకుండా సొంతంగా నేర్చుకున్నవాడు. ఆయన పద్ధతి తెలిసేలా పక్కనే ఒక నమూనా బల్ల ఉంటుంది. ఒకే బొమ్మ A4 ప్రింట్లు రెండు తీసి, 7 మి.మీ. పట్టీలుగా కోసి, ఒక ప్రింటు పట్టీ పక్కన రెండో ప్రింటు పట్టీ చొప్పున అంటించాం, బొమ్మ సాగినట్టు కనిపించే ఈ పద్ధతినే రోలాజ్ అంటారు. 60 పట్టీలకు 420 మి.మీ. రావాలి కదా, 430 దాటింది. పైగా అట్ట పడవలా వంగింది. జిగురు మైదాతో కాచిందే. బొమ్మను నలిపి అంటించే ఆయన మరో పద్ధతిలోనేమో ప్రింటు తెల్లగా పగులుతోంది. తప్పెక్కడ?

జవాబు 1 (అట్టల_బైండరు):
తప్పు చేతిలో కాదండీ, కాగితం పీచులో ఉంది. తడి తగిలిన కాగితం పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. బజారు A4లో పీచు ఎక్కువగా నిలువునా ఉంటుంది. నిలువు పట్టీ కోస్తే ఆ ఉబ్బంతా వెడల్పులోకే వస్తుంది. నూటికి రెండు వంతులనుకున్నా పట్టీకి 0.14 మి.మీ., 60 పట్టీలకు 8 మి.మీ. దాటుతుంది. కోతలో తేడా దానికి తోడు.

పీచు దిశ చూడాలంటే చిన్న ముక్కను ఒకవైపే తడపండి. గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవే పీచు దిశ. నిలువు పీచున్న A3ని సగానికి కోస్తే, వచ్చే A4లో పీచు అడ్డంగా ఉంటుంది. ప్రింటు దాని మీద తీయండి. అప్పుడు ఉబ్బు పట్టీ పొడవులోకి పోతుంది, అంటించాక పైనా కిందా కోసేయొచ్చు. జిగురు రాసిన పట్టీని వెంటనే అంటించకుండా రెండు మూడు నిమిషాలు ఆగండి, ఉబ్బేదేదో ముందే ఉబ్బుతుంది. అట్ట మీద పది పట్టీలకొకటి చొప్పున 70 మి.మీ.కి పెన్సిలు గీత గీసుకుని, మధ్య నుంచి రెండు వైపులకూ వెళ్ళండి. పట్టీల వెనక నంబర్లు మరవద్దు. ఒకసారి కలిసిపోతే ఆకాశం ముక్క ఏదో, గోడ ముక్క ఏదో పోల్చుకోలేరు.

అట్ట వంగడానికి కారణం ఒకవైపే లాగుడు. వెనకవైపు కూడా అదే జిగురుతో, అదే దిశ పీచున్న కాగితం అంటించండి. బ్లాటింగ్ పేపర్ల మధ్య పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచాలి.

ఇంకోటి, మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతుంటారు. మీరూ కలిపి ఉంటే ఆ నమూనా పక్కన పెట్టేయండి. రాగి లవణం కాగితాన్ని గోధుమరంగుకు తిప్పి పెళుసు చేస్తుంది. మిథైల్ సెల్యులోజ్ (నీళ్ళలో కలిపే జిగురు పొడి) తెచ్చుకోండి, పురుగు రాదు, తీయాలంటే నీటితో వస్తుంది. ఫెవికాల్ ఆరాక మళ్ళీ తీయడం కష్టం.

జవాబు 2 (చిత్తుకాగితం):
ముడతల సంగతి. చెక్‌లో దీన్ని ముహ్లాజ్ అంటారు. బొమ్మను తడిపి, నలిపి, ముడతలతోనే అంటించడం. నిగనిగలాడే పూత కాగితం ముడత దగ్గర పగిలి తెల్లగీత చూపుతుంది. లేజర్ టోనరూ అంతే, పైపొర రాలుతుంది. మామూలు ఇంక్‌జెట్ రంగు తడికి పారుతుంది. పూత లేని 80-90 గ్రాముల కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో (తడికి పారని రకం) తీస్తే నిలబడుతుంది. పాత పత్రికల్లో ఆఫ్‌సెట్‌లో అచ్చయిన బొమ్మలు ఇంకా మేలు. నీళ్ళు పోయకండి, తడిగుడ్డలో పది నిమిషాలు చుట్టి ఉంచితే చాలు. ఫ్రేములో అద్దం ముడతలకు ఆనకుండా 5 మి.మీ. ఖాళీ ఉండాలి.

కొలార్ష్ పేరు పక్కన ‘చిత్రకారుడు’ అని రాస్తున్నారా? నాకైతే నప్పదు. వడ్రంగం నేర్చిన మనిషి, కవి, తర్వాత కత్తెర పట్టాడు. పేరు చివర అక్షరం పలకడం తెలుగువాళ్ళకు కష్టమే, ‘కొలాజ్’ అన్నట్టే వినిపిస్తుంది, అదొక చిత్రం.

జవాబు 3 (గోడ_మేకు):
బొమ్మల మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వకండి. పాత పుస్తకాల పేజీలు, పత్రిక ముక్కలు వాడితే మరీ జాగ్రత్త, వెలుతురుకు పసుపెక్కుతాయి. కిటికీ ఎదురుగోడ వద్దు.

పరిచయ ఫలకంలో ఒక మాట చేర్చండి. 1942లో ‘స్కుపినా 42’ అనే చెక్ కళాకారుల బృందం పెట్టినవాళ్ళలో కొలార్ష్ ఒకడు, దాని సిద్ధాంతకర్త యిండ్ర్షిఖ్ ఖలుపెత్స్కీ. 1990లో ఆ మిత్రుడి పేరిట యువ కళాకారులకు బహుమతి నెలకొల్పిన ముగ్గురిలోనూ ఈయన ఉన్నాడు, మిగతా ఇద్దరు నాటకకర్త, అప్పటి దేశాధ్యక్షుడు వాత్స్లావ్ హావెల్, చిత్రకారుడు థియోడోర్ పిష్ట్యెక్. బహుమతి తెచ్చుకున్న సంగతి కన్నా ఇదే ముందు రాయాలంటాను. అసలు పనులు చూడాలనుకునేవాళ్ళకు ప్రాగ్‌లో కంపా మ్యూజియం చిరునామా ఇవ్వండి, అక్కడ ఆయనవి చాలా ఉన్నాయి.

కత్తెర‌_కాగితం:
తుత్తం కలిపాం. కొత్త జిగురుతో, A3 సగాలతో మళ్ళీ మొదలుపెడతాం. పట్టీ 7 బదులు 10 మి.మీ. చేస్తే?

అట్టల_బైండరు:
తేలికవుతుంది, 42 పట్టీలే. కానీ మొహం ఉన్న బొమ్మ అయితే వద్దు. కన్ను మొత్తం ఒకే పట్టీలో పడితే రెండు మొహాలు పక్కపక్కన పెట్టినట్టే ఉంటుంది, మొహం సాగినట్టు కనిపించదు. కన్ను కనీసం మూడు పట్టీల్లోకి చీలాలి. కన్ను వెడల్పు స్కేలుతో కొలిచి మూడుతో భాగించండి, వచ్చిందే మీ కొలత.