సమస్యాపూరణం: “ఒక్క యాట నిద్ద రోడినారు”

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. ఒకరు ఓడితే మరొకరు గెలవాలి కదా అంటారు, చిక్కంతా అక్కడే. పూరణ గేమ్ థియరీ (ఒకరి ఫలితం ఎదుటివారి ఎత్తుపైనా ఆధారపడే ఆటల గణితం) లెక్కకు నిలవాలి.

కొత్తచిగురు: యతి తప్పింది కదండీ? ఒ–రో?

నిర్వాహకుడు: ఇద్దరు + ఓడినారు. సంధిలో ఉన్న ఓకారంతో మైత్రి. తప్పలేదు.

పాతచింత:
ధర్మరాజు సకల ధనరాశి నోడెను
రాజరాజు ధర్మరహితుఁ డయ్యె
పాచికలను వేయ ఫలమింతె చూడగ
నొక్క యాట నిద్ద రోడినారు

లెక్కలమాస్టారు: ధర్మరాజు పక్కన రాజరాజు చెవికింపుగా ఉంది. పూరణ మాత్రం చెల్లదు. జూదంలో ఇటు పోయిన ప్రతి కాసూ అటు చేరింది. రెండూ కూడితే సున్నా. 1928లో గణితవేత్త వాన్ న్యూమన్ నిరూపించిన సిద్ధాంతం ఇద్దరు ఆడే ఇలాంటి శూన్యమొత్తపు ఆటలదే. అక్కడ ఇద్దరూ ఓడడం కుదరదు. రారాజు నీతిని పణంగా ఒడ్డలేదు కదా! నా ప్రయత్నం:

వేఱు గదుల నుంచి విడివిడిగ నడుగ
దొంగ లొకరి నొకరు దోషి యనిరి
నోరు మూసియున్న నొకయేడె శిక్షయౌ
నొక్క యాట నిద్ద రోడినారు

నేను వేసుకున్న లెక్క ఇది: ఒకడే చెబితే వాడికి విడుదల, రెండోవాడికి పదేళ్లు. ఇద్దరూ చెబితే చెరి అయిదేళ్లు. అవతలివాడు ఏమి చేసినా చెప్పేయడమే లాభం కనుక ఇద్దరూ మునిగారు. 1950లో గణితవేత్తలు ఫ్లడ్, డ్రెషర్ కట్టిన ఆటకు ఈ ఖైదీల కథ తొడిగింది మరో గణితవేత్త టక్కర్.

నిర్వాహకుడు: ఆ అయిదేళ్లు పద్యంలోకి రాలేదు, వ్యాఖ్యలో దాక్కున్నాయి. అర మార్కు కోత. దొంగలు ముందే మీరడానికి వీల్లేని ఒప్పందం చేసుకోగలిగితే ఇది సహకార క్రీడల (అలాంటి ఒప్పందాలకు చోటున్న ఆటల) కోవకు పోయేది; మీకు పద్యమే దక్కేది కాదు.

మున్నేటిగట్టు:
ఇరుకు వంతెనపయి నెదురైన లారీలు
తగ్గ మనుచు రెండు దారి విడక
ముందు కురికి కూలె మున్నేటి నీటిలో
నొక్క యాట నిద్ద రోడినారు

లెక్కలమాస్టారు: భలే! ఇదీ శూన్యమొత్తం కాదు, అలాగని ఖైదీల ఆటా కాదు. ఎదుటివాడు తగ్గడని తెలిస్తే ఇక్కడ మనం తగ్గడమే మేలు. ఖైదీకి ఆ వెసులుబాటు లేదు.

పాతచింత: నా పద్యాన్ని కొట్టేశారు, సరే. లారీలు “ఇద్దరు” ఎలా అయ్యాయి? “నెదురైన సారథుల్”, “తగ్గ మనుచు వారు”, “కూలి” అని దిద్దండి. గణాలు చెడవు.

మున్నేటిగట్టు: దిద్దాను. లారీలు పోయాయనే దిగులు.