డిస్కస్ చేపలకి మూడడుగుల ట్యాంక్ చాలా, నాలుగడుగులు ఉండాల్సిందేనా?

కొత్తనీళ్లు:
రెండంగుళాల డిస్కస్ పిల్లలు ఆరు తెచ్చుకుందామని ఉంది. నా దగ్గర 3×1.5×1.5 అడుగుల ట్యాంక్ ఖాళీగా పడుంది. ఒకాయనేమో "పిల్లలకి అదే ఎక్కువ, పెద్దయ్యాక చూసుకో" అన్నాడు, ఇంకొకాయన నాలుగడుగులు లేకుండా డిస్కస్ ఊసే ఎత్తొద్దన్నాడు. ఎవరి మాట వినాలి?

గాజుపెట్టె:
రెండో ఆయన మాటే. పెరిగిన డిస్కస్‌కి తలా 40 లీటర్లు అనేది వాడుకలో ఉన్న లెక్క. మీ ట్యాంక్ అంచుదాకా నింపితే 190 లీటర్లు, కానీ అంచుదాకా ఎవరు నింపుతారు? పైన రెండంగుళాలు వదిలితే 170. అంటే నాలుగు చేపలు. పోనీ నాలుగే వేద్దామంటే ఇంకో తంటా, ఒకటి పెత్తనం మొదలుపెట్టి అన్నిటికన్నా చిన్నదాన్ని మేత దగ్గరికి రానివ్వదు. ఆరేడు ఉంటే ఆ పోట్లు అందరికీ తలా కాస్త తగిలి సరిపోతుంది. పైగా ఇది పళ్లెంలా పెరిగే చేప, 15 సెంటీమీటర్లు దాటుతుంది, కాబట్టి ఎత్తు కూడా చూసుకోవాలి.

బకెట్‌వీరుడు:
లెక్క బాగుంది గానీ, చేపలు లీటర్లు తిని బతకవండి. నేను ఆరు పిల్లల్ని సరిగ్గా ఇదే సైజు ట్యాంక్‌లో, ఇసుక లేకుండా, ఉత్త గాజు మీద పెంచాను. రోజూ సగం నీళ్లు మార్చేవాణ్ణి. 15 లీటర్ల బకెట్లు ఆరు తియ్యడం, ఆరు పొయ్యడం. పిల్లలకి రోజుకి నాలుగైదుసార్లు మేత పడాలి, మిగిలిన మేత ఎక్కడ పడిందో చిన్న ట్యాంక్‌లో ఇట్టే కనిపిస్తుంది, అప్పటికప్పుడు లాగేయొచ్చు. పెద్ద ట్యాంక్ ఉంది కదా అని వారానికోసారి నీళ్లు మార్చేవాళ్ల చేపలకన్నా నావే ముందు పెరిగాయి.

గాజుపెట్టె:
ఎన్నాళ్లు ఉంచారు అందులో?

బకెట్‌వీరుడు:
ఎనిమిది నెలలు. సరే, అక్కడ దొరికిపోయాను. ఐదో నెల నుంచి ఒకటి నల్లబడి, హీటర్ వెనక తల కిందికేసి నిలబడేది. రోగమేమో అనుకుని ఉప్పు వేశాను, వేడి పెంచాను, ఏం లాభం లేదు, మేత వెయ్యగానే పెద్దది వచ్చి దాన్ని మళ్లీ మూలకి తోసేది. చివరికి పెద్ద ట్యాంక్‌లోకి మార్చాక మూడో రోజుకే రంగు తేలింది. సైజు మాత్రం రాలేదు. ఒళ్లు ఆగిపోయింది, కన్ను పెరిగిపోయింది, ఇప్పటికీ ఆ గుంపులో దాన్ని కంటిని చూసే గుర్తుపడతాను.

మాటకారి:
మీ ఇద్దరూ వేడి సంగతి వదిలేశారు. డిస్కస్‌కి 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. ఆ వేడిలో నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా విషం పెరుగుతుంది. నీళ్లు తక్కువైతే ఒక్కరోజు అశ్రద్ధ చేసినా తేడా వచ్చేస్తుంది, నా ఓటు పెద్ద ట్యాంక్‌కే. అయితే 4×1.5×1.5 కొని పైన రెండంగుళాలు వదిలి, కింద రెండంగుళాల ఇసుక పోస్తే మిగిలేది సుమారు 200 లీటర్లే, ఐదు చేపలకి సరి. కొనేదేదో రెండడుగుల ఎత్తుది కొనండి. నీళ్ల బరువే 300 కిలోలు దాటుతుంది, స్టాండ్ గట్టిది చూసుకోండి.

కొత్తనీళ్లు:
సరే, 4×1.5×2 ఖాయం, ఇసుక వద్దు. పాత మూడడుగులది పక్కనే పెట్టి, క్లోరిన్ పోగొట్టే మందు కలిపి, హీటర్ వేసి, మర్నాటి నీళ్లు అందులో సిద్ధంగా ఉంచుకుంటాను. రోజూ సగం మార్చినా సరిపోతాయి కదా?

బకెట్‌వీరుడు:
బ్రహ్మాండంగా సరిపోతాయి. ఇది నాకెందుకు తట్టలేదో! చిన్న పంపు, పైపు కూడా తీసుకోండి, బకెట్ల జోలికి మాత్రం పోకండి, నా నడుం చూసైనా.