కొత్తగా సిడిఎల్ వచ్చినవారు అమెరికాలో మొదటి ట్రక్కింగ్ కంపెనీని ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇటీవలే క్లాస్ ఏ సిడిఎల్ (పెద్ద ట్రక్కులు నడపడానికి కావలసిన వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు) పరీక్ష నెగ్గి లైసెన్సు తీసుకున్నాను. స్కూలు యార్డులో వెనక్కి తీయడం, ఊరి చుట్టుపక్కల కొంత దూరం నడపడం తప్ప, 53 అడుగుల ట్రైలర్‌లో నిండు లోడుతో కొండదారి దిగిన అనుభవం నాకు లేదు. వయసు 21 దాటింది కనుక రాష్ట్రాలు దాటి నడపడానికి అడ్డేమీ లేదు. మెడికల్ కార్డు కూడా ఉంది.

ప్రస్తుతం మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి చాలా పెద్ద కంపెనీ. కొన్ని వారాలు ట్రైనర్‌తో పంపి, ఆ తర్వాత డ్రై వ్యాన్ (మామూలు మూతపెట్టె ట్రైలర్) అప్పగించి మైలుకు 48 సెంట్లు ఇస్తామంటున్నారు. స్కూలు ఫీజు వాళ్లే కడతారు గాని, ఏడాదిపాటు మానకూడదని ఒప్పందం రాయించుకుంటారు. రెండోది మావాళ్లకు తెలిసినవారి చిన్న కంపెనీ. ట్రైనింగ్ ఏమీ అవసరం లేదని, రెండు మూడు రోజుల్లో ట్రక్కు తాళాలు ఇస్తామని, 1099 పద్ధతిలో, అంటే ఉద్యోగిగా కాకుండా స్వతంత్ర కాంట్రాక్టరుగా, మైలుకు 62 సెంట్లు చెల్లిస్తామని చెప్పారు. మూడోది లీజు పర్చేజ్. డౌన్ పేమెంట్ లేకుండా, క్రెడిట్ చూడకుండా ట్రక్కు ఇస్తారట, వాయిదాలన్నీ తీరాక అది నాదే అవుతుందట. ఇంట్లోవారు, స్నేహితులు రెండోదానివైపే మొగ్గుతున్నారు. పాప చిన్నది కనుక ఇంటికి ఎన్నాళ్లకొకసారి రాగలనన్నది కూడా నాకు ముఖ్యమే. అనుభవం ఉన్నవారు మొదటి ఏడాదికి ఏది చూసి నిర్ణయించుకోవాలో చెప్పగలరని మనవి.

సమాధానం 1

మైలుకు ఎంతన్న లెక్కను కాసేపు పక్కన పెట్టి, ముందు మీకు నేర్పేవారెవరో తేల్చుకోండి. 2022 ఫిబ్రవరి 7 నుంచి, ఫెడరల్ రిజిస్ట్రీలో నమోదైన శిక్షకుల దగ్గర నేర్చుకున్న తర్వాతే సిడిఎల్ స్కిల్స్ పరీక్షకు వెళ్లాలన్న నిబంధన అమలులో ఉంది. ఆ నిబంధన ఏయే అంశాలు నేర్పాలో వివరంగా చెబుతుంది గాని, విద్యార్థి కనీసం ఇన్ని గంటలు నడపాలని ఎక్కడా చెప్పదు. అందువల్ల ఒకే లైసెన్సు చేతిలో ఉన్న ఇద్దరి అనుభవానికి మధ్య పొంతన లేకపోవచ్చు. ఆ లోటును భర్తీ చేసేది మొదటి కంపెనీలోని ట్రైనరే.

అయితే ట్రైనర్ ఉంటాడని రిక్రూటర్ చెప్పినంత మాత్రాన సంతోషపడవద్దు. లెర్నర్ పర్మిట్ మీద నడుపుతున్నంత కాలం సిడిఎల్ ఉన్నవారు పక్క సీట్లో కూర్చోవాలని చట్టం చెబుతుంది. లైసెన్సు వచ్చాక ఆ నియమం మీకు వర్తించదు. దీన్ని ఆసరా చేసుకుని కొన్ని కంపెనీలు రెండో వారం నుంచే శిక్షణను టీమ్ డ్రైవింగ్‌గా మార్చేస్తాయి. మీరు నడుపుతున్నప్పుడు ట్రైనర్ వెనక బెర్తులో నిద్రపోతాడు, అతను నడిపేటప్పుడు మీరు నిద్రపోతారు. ట్రక్కు రోజంతా తిరుగుతుంది, కంపెనీకి మైళ్లు వస్తాయి, మీకు మాత్రం అర్ధరాత్రి ఇంటర్‌స్టేట్ మీద తిన్నగా పోవడం తప్ప కొత్తగా వచ్చేదేమీ ఉండదు. కనుక ట్రైనర్ మెలకువగా ముందు సీట్లో ఎన్ని వారాలు కూర్చుంటాడో, ఆ ట్రైనర్‌కు ఎన్నేళ్ల అనుభవం ఉండాలని కంపెనీ నియమం పెట్టుకుందో సూటిగా అడగండి. ఈ ప్రశ్నకు నీళ్లు నమిలే రిక్రూటర్‌ను నేనైతే నమ్మను.

నేర్చుకోవలసింది హైవే మీద కన్నా యార్డుల్లోనే ఎక్కువ. ఇరుకైన యార్డులో ట్రైలర్‌ను కుడివైపుకు తిప్పుతూ డాక్‌లోకి (సరుకు ఎక్కించి దించే చోటికి) వెనక్కి తీస్తున్నప్పుడు, ఒక దశలో దాని వెనక మూల కుడి అద్దంలోంచి పూర్తిగా తప్పుకుంటుంది. ఆ క్షణాన బ్రేకులు వేసి, ఫ్లాషర్లు పెట్టి, కిందికి దిగి, వెనక దాకా నడిచి చూసి రావాలి. వెనక నలుగురు డ్రైవర్లు హారన్లు కొడుతున్నా సరే, అవసరమైతే మళ్లీ దిగి చూడాలి. పక్కన కూర్చుని ఆ అలవాటు చేయించేవారు లేకపోతే కొత్తవారు బెదిరి, చూడకుండానే వెనక్కి పోనిస్తారు. మొదటి ఏడాది ప్రమాదాల్లో ఎక్కువ భాగం నేను చూసినంతవరకు ఇలా జరిగేవే.

ఆ ప్రమాదాలు అక్కడితో ఆగవు. పిఎస్‌పి అనే డ్రైవర్ భద్రతా చరిత్ర నివేదికలో అయిదేళ్ల క్రాష్ వివరాలు, మూడేళ్ల రోడ్డు తనిఖీల వివరాలు ఉంటాయి. రేపు మీరు మరో చోట దరఖాస్తు చేస్తే, మీ అనుమతితో వారు దాన్ని తెప్పించుకుంటారు. అందులోకి ఎక్కనంత చిన్న గీతలైనా పాత యజమాని నోటివెంట బయటపడవచ్చు, ఎందుకంటే కొత్త కంపెనీ గత మూడేళ్ల యజమానులను మీ భద్రతా చరిత్ర గురించి విచారించి తీరాలి. మొదటి ఏడాది జీతం కన్నా మచ్చలేని ఆ రికార్డే మీకు పెద్ద ఆస్తి.

సమాధానం 2

పై సమాధానంతో ఏకీభవిస్తూ, డబ్బు విషయం కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే 48కి, 62కి మధ్య తేడా కంటికి కనిపించినంత ఉండదు. వారానికి 2,300 మైళ్లు దొరికితే 48 సెంట్ల చొప్పున 1,104 డాలర్లు వస్తాయి. 1,600 మైళ్లే దొరికితే 62 సెంట్ల చొప్పున 992 డాలర్లే వస్తాయి. కనుక రేటుతో పాటు, చేరిన మొదటి ఆరు నెలల్లో కొత్త డ్రైవర్లకు వారానికి సగటున ఎన్ని మైళ్లు దొరుకుతున్నాయో అడగాలి. ఆ మైళ్లను ఎలా కొలుస్తారో కూడా తెలుసుకోవాలి. ట్రక్కు నిజంగా వెళ్లే దారికి దగ్గరగా ఉండే ప్రాక్టికల్ మైళ్ల లెక్క వేరు, ఊరి నుంచి ఊరికి పట్టిక ప్రకారం దూరం కట్టే హెచ్‌హెచ్‌జి మైళ్ల లెక్క వేరు. రెండో పద్ధతిలో దూరం సాధారణంగా తక్కువగా తేలుతుంది, అంటే మీరు నడిపిన కొన్ని మైళ్లకు పైసా రాదు.

కొత్తవారు తరచూ మరచిపోయేది ఆగిన సమయం. డ్యూటీ మొదలైన క్షణం నుంచి 14 గంటల గడియారం నడుస్తూనే ఉంటుంది, అందులో 11 గంటలకు మించి నడపకూడదు. సరుకు దించుకునే రిసీవర్ దగ్గర అయిదు గంటలు డాక్‌లో పడి ఉంటే ఆ రోజు మైళ్లు తగ్గుతాయి, కాని గడియారం మీకోసం ఆగదు. రాష్ట్రాల మధ్య నడిచే పెద్ద ట్రక్కుల డ్రైవర్లకు ఫెడరల్ ఓవర్‌టైమ్ నిబంధన సాధారణంగా వర్తించదు కూడా. కాబట్టి డిటెన్షన్ (డాక్‌లో వేచి ఉన్న సమయానికి ఇచ్చే డబ్బు) ఎన్ని గంటల తర్వాత మొదలవుతుందో, గంటకు ఎంతో, కస్టమర్ కంపెనీకి చెల్లించకపోయినా మీకు ఇస్తారో లేదో ముందే తేల్చుకోవాలి. ట్రక్కు చెడిపోయి షాపులో ఉన్న రోజులకు ఏమిస్తారన్నది కూడా అడగండి.

ఇక 1099 సంగతి. డబ్ల్యూ2 ఉద్యోగంలో, అంటే కంపెనీ ఉద్యోగిగా చేరితే, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులో సగం యజమాని కడతాడు. 1099లో మొత్తం 15.3 శాతం మీ మీదే పడుతుంది. గాయపడితే వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయాలకు పరిహారం) ఉండదు, పని పోతే నిరుద్యోగ భృతి ఉండదు. ట్రక్కు వాళ్లది, లోడు వాళ్లది, ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో చెప్పేదీ వాళ్లే అయినప్పుడు మిమ్మల్ని స్వతంత్ర కాంట్రాక్టరని రాసుకోవడం పన్నుల శాఖ ఐఆర్ఎస్ ప్రమాణాలకు నిలవడం కష్టం. తెలిసినవారు కదా అని మొహమాటపడి మీరు ఈ విషయం ఎత్తకపోతే, నష్టం మీదే.

సమాధానం 3

లీజు పర్చేజ్ గురించి క్లుప్తంగా: ఇప్పుడు వద్దు. వాయిదా వసూలు చేసుకునేదీ, మీకు లోడ్లు ఇచ్చేదీ ఒకే కంపెనీ అయినప్పుడు జుట్టు వాళ్ల చేతికిచ్చినట్టే. లోడ్లు తగ్గినా వాయిదా, బీమా, మరమ్మతుల నిధి, డీజిలు మాత్రం ప్రతివారం కోతలోకి వెళ్తాయి. కొన్ని వారాలు సెటిల్‌మెంట్ కాగితం (వారపు చెల్లింపు లెక్క) మీద మీరే కంపెనీకి బాకీ పడతారు. మధ్యలో మానేస్తే ట్రక్కు వాళ్ల దగ్గరే ఉంటుంది. కోతలు, ఎస్క్రో (కంపెనీ దగ్గర ఉంచుకునే డిపాజిట్) వివరాలు లీజులో రాతపూర్వకంగా చూపాలని ఫెడరల్ నిబంధనలు ఉన్నాయి, కాని నష్టం వచ్చే షరతులను స్పష్టంగా రాసినంత మాత్రాన అవి లాభం తెచ్చే షరతులైపోవు. ట్రక్కు నడపడమే కొత్తగా నేర్చుకుంటున్నవారు అదే సమయంలో వ్యాపారం కూడా నేర్చుకోవడం చాలా కష్టం.

సమాధానం 4

ఒక చిన్న అభ్యంతరం. చిన్న కంపెనీలన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు. యజమానే డిస్పాచరై (డ్రైవర్లకు లోడ్లు కేటాయించేవారై), ఫోను చేస్తే వెంటనే ఎత్తి, డ్రైవర్ ఇంటి పరిస్థితి తెలుసుకుని లోడు ఇచ్చే మంచి చిన్న కంపెనీలు నాకు తెలుసు. కాకపోతే చాలా బీమా సంస్థలు అలాంటి కంపెనీల విషయంలో ఒకటి రెండేళ్ల అనుభవం ఉన్నవారినే ఒప్పుకుంటాయి. ఏ అనుభవమూ లేని మీకు రెండు మూడు రోజుల్లో తాళాలు ఇస్తామంటున్నారంటే, బీమా పాలసీలో మీ పేరు చేరుస్తున్నారా లేదా అన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. నోటిమాట చాలదు, చేర్చినట్టు కాగితం చూపించమనండి.

తర్వాత ఆ కంపెనీ యుఎస్‌డాట్ నంబరు (ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని, ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసిఎస్ఏ వారి సేఫర్ వెబ్‌సైట్‌లో చూడండి. ఎన్ని ట్రక్కులు, ఎందరు డ్రైవర్లు, గత 24 నెలల్లో ఎన్ని తనిఖీలు జరిగాయి, వాటిలో ఎంత శాతం ట్రక్కులను అక్కడికక్కడే ఆపేశారు అన్న వివరాలు ఉచితంగా దొరుకుతాయి. పక్కనే జాతీయ సగటు కూడా ఉంటుంది. క్రాష్‌ల పట్టికను మాత్రం జాగ్రత్తగా చదవాలి, తప్పెవరిదో అందులో ఉండదు. ట్రక్కులను ఆపేసిన శాతం సగటుకు రెట్టింపు ఉంటే బ్రేకులు, టైర్ల మీద వాళ్లు డబ్బు ఖర్చు పెట్టడం లేదనే నేను అర్థం చేసుకుంటాను. ఆ ట్రక్కుతో తనిఖీలో దొరికితే ఆ నివేదిక మీ పిఎస్‌పిలోకి కూడా ఎక్కుతుంది.

పెద్ద కంపెనీ ఒప్పందంలో చూడవలసింది ఒకటే. పదకొండో నెలలో మానేస్తే మొత్తం ఫీజు కట్టాలా, నెలనెలా తరిగిపోగా మిగిలినదే కట్టాలా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. పెద్ద కంపెనీకి ఫోను చేశాను. ట్రైనర్ మొదటి రెండు వారాలు ముందు సీట్లోనే ఉంటారని, ఆ తర్వాత టీమ్‌గా నడుపుతారని ఒప్పుకున్నారు. ఒప్పందంలో బాకీ నెలనెలా తగ్గుతుందట. ఇంటి విషయంలో, బయట గడిపిన ఒక్కో వారానికి ఇంట్లో ఒక రోజు లెక్కన ఇస్తామన్నారు. చిన్న కంపెనీవారిని యుఎస్‌డాట్ నంబరు, బీమా కాగితం అడిగితే, "మన మధ్య ఇవన్నీ ఎందుకు" అని నవ్వి, తర్వాత పంపుతామన్నారు. ఇంకా పంపలేదు. లీజు ఆలోచన మానుకున్నాను. ఇంటికి తరచూ రావాలంటే పెద్ద కంపెనీలో వేరే దారి ఏమైనా ఉంటుందా?

సమాధానం 1 రాసినవారు

ఉంటుంది. అదే కంపెనీలో రీజినల్ (ఒక ప్రాంతంలోనే తిరిగే) లేదా డెడికేటెడ్ (ఒకే కస్టమర్‌కు నడిచే) లోడ్లకు కొత్తవారిని తీసుకుంటారేమో, మీ ఇంటి జిప్ కోడ్ మీదుగా ఆ లోడ్లు నడుస్తున్నాయేమో అడగండి. మైళ్లు కొంత తగ్గవచ్చు గాని, వారపు గంటల లెక్క మళ్లీ మొదలవడానికి తీసుకునే 34 గంటల విశ్రాంతి (రీసెట్) ట్రక్ స్టాప్‌లో కాకుండా ఇంట్లో తీసుకోగలుగుతారు. కొన్ని ఎల్‌టిఎల్ కంపెనీలు (పలువురి చిన్న లోడ్లను ఒకే ట్రైలర్‌లో చేరవేసేవి) కూడా కొత్త డ్రైవర్లను తీసుకుంటాయి, వాటిలో చాలా రూట్లు రాత్రి వెళ్లి ఉదయానికి తిరిగి వచ్చేవి. మీ ఊరి టెర్మినల్‌కు నేరుగా వెళ్లి విచారించడం మంచిది. ఎక్కడ చేరినా రెండు వారాల ముందు సీటు సమయాన్ని నాలుగు వారాలకు పెంచమని అడిగి చూడండి, కొందరు ట్రైనర్లు ఒప్పుకుంటారు. ఇంటి సమయం గురించి రిక్రూటర్ చెప్పినదంతా ఈమెయిల్‌లో రాయించుకోండి, ఎందుకంటే మీరు చేరాక మాట్లాడవలసింది డిస్పాచర్‌తో, ఆయనకు రిక్రూటర్ ఇచ్చిన మాటలేవీ తెలియవు. గంటలు అయిపోయాక కూడా నడపమని ఆయన ఒత్తిడి చేస్తే, అది 2016 నుంచి ఫెడరల్ నిబంధనల ప్రకారం నేరుగా ఫిర్యాదు చేయదగిన విషయం. అలాంటి సందేశాలను ట్రక్కులోని టాబ్లెట్‌లోనే వదిలేయకుండా మీ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.