మూడు వారాలు కదలని బండి స్టార్ట్ కావట్లేదు: తప్పు పెట్రోలుదా, బ్యాటరీదా?

మిర్యాలగూడ_125
నాన్న బండి 125 సీసీ, 2021 మోడల్, బీఎస్6, కార్బొరేటర్ లేని ఇంజెక్షన్ బండి. కంటి ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు ఇంటి పక్కన రేకుల కింద పెట్టేశారు. ఆ మధ్యలో రెండు పెద్ద వానలు పడ్డాయి. నిన్న బాబాయి తాళం తిప్పి సెల్ఫ్ కొడితే నాలుగైదు చుట్లు నీరసంగా తిరిగి ఆగిపోయిందట. ఆ తర్వాత టక్ టక్ అని చప్పుడే తప్ప ఇంజిన్ తిరగలేదు. ఈ మోడల్‌కి కిక్ లేదు.

మెకానిక్‌ని పిలిస్తే మీటరు పెట్టి చూడకుండానే "ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు కదా, నీళ్లు దిగుంటాయి, ట్యాంకు దించాలి, ఇంజెక్టర్ కడగాలి, 2,400 అవుతుంది" అన్నాడు. నాన్నకీ అదే అనుమానం. బాబాయేమో బ్యాటరీ పోయింది, కొత్తది వేయించమంటున్నాడు. నేను హైదరాబాద్‌లో ఉంటాను, శనివారం వెళ్తాను. ఏది ముందు చూడాలి? ఊరికే డబ్బు పోసి చివరికి బండి కదలకపోతే నాన్న బాధపడతారు.

బెజవాడ_షెడ్డు
22 ఏళ్లుగా టూవీలర్లే చేస్తున్నా. తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లోనే జవాబుంది. సెల్ఫ్ మోటారు తిరగడానికి పెట్రోలుతో పని లేదు. ట్యాంకు ఖాళీగా ఉన్నా, నిండా నీళ్లే ఉన్నా సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరగాలి. అంటుకోదు, అంతే. టక్ టక్‌మంటోంది అంటే రిలే (మోటారుకు కరెంటు వదిలే స్విచ్) లాగడానికి సరిపోయే కరెంటు ఉంది గానీ మోటారును తిప్పే కరెంటు అందడం లేదని అర్థం. బ్యాటరీ దిగింది, లేదా టెర్మినల్ పట్టు వదిలింది. అప్పుడే ట్యాంకు మీద చెయ్యి వేయనక్కర్లేదు.

కాకినాడ_సుజుకి
మేస్త్రి గారూ, మీ మాట కాదనను గానీ, పెట్రోలును అంత తేలిగ్గా వదిలేయొద్దు. పోయిన వానాకాలం నా బండి పదిహేను రోజులు ఆగింది. స్టార్ట్ కాలేదు. ఒకాయన బ్యాటరీ మార్చాడు. రాలేదు. ప్లగ్గు మార్చాడు. రాలేదు. చివరికి ఇంకొకాయన ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు సీసాలోకి పడితే కింద రెండు వేళ్ల మందాన మసకగా వేరే పొర, పైన తేటగా పెట్రోలు. ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకు అడుగునే ఉంటుంది కాబట్టి మొదట లాగేది ఆ పొరనే. అప్పటికే కొత్త బ్యాటరీకి డబ్బు పోసేశాను. అందుకే చెప్తున్నా, ఆగిన బండికి ముందు పెట్రోలే చూడాలి.

కెమిస్ట్రీ_లెక్చరర్
కాకినాడ గారు చూసింది నిజమే. ఇథనాల్ నీళ్లను పట్టుకుంటుంది. ఒక హద్దు వరకు నీళ్లు, ఇథనాల్, పెట్రోలు కలిసే ఉంటాయి. హద్దు దాటగానే ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లతో చేరి అడుక్కి దిగిపోతుంది. దాన్నే ఫేజ్ సెపరేషన్ అంటాం. అయితే ఆ హద్దు ఎక్కడుందో కూడా చూడాలి. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలే దాదాపు అర శాతం నీళ్లను తనలో ఉంచుకోగలదు. అంటే పది లీటర్లకు 50 మిల్లీలీటర్లు. ఇరవై శాతం కలిపిన పెట్రోలు అంతకంటే ఎక్కువే ఓర్చుకుంటుంది. మూత వేసిన ట్యాంకులోకి మూడు వారాల్లో గాలి తేమ వల్ల అన్ని నీళ్లు రావు. పొర విడిపోయిందంటే నీళ్లు ఎక్కడి నుంచో నేరుగా దిగాయన్నమాట: వాన నుంచో, వాటర్ వాష్ నుంచో, బంకు ట్యాంకు నుంచో.

కాబట్టి "ఈ20 కాబట్టి నీళ్లు" అనే మాట సరికాదు. నీళ్లు దిగితే, ఈ20 వల్ల గొడవ పెద్దదవుతుంది. రెంటికీ చాలా తేడా ఉంది.

బెజవాడ_షెడ్డు
మాస్టారు బాగా చెప్పారు. ట్యాంకు మూత చుట్టూ ఉండే గాడిలో చిన్న రంధ్రం ఉంటుంది, పడిన వాన నీళ్లు దాంట్లోంచి సన్న గొట్టం గుండా కిందికి పోతాయి. దుమ్ము పట్టి అది మూసుకుపోతే నీళ్లు మూత చుట్టూ నిలబడతాయి. రబ్బరు పాతదైతే లోపలికి దిగుతాయి. మా షెడ్డుకు నీళ్లు దిగిన ట్యాంకుతో వచ్చిన బండ్లలో ఎక్కువ వాటికి దారి ఇదే. మన వాళ్లు ఆ రంధ్రం ఒకటుందనే గమనించరు.

సావోపాలో_తెలుగోడు
ఉద్యోగం కోసం బ్రెజిల్ వచ్చి ఆరేళ్లు. ఇక్కడ పెట్రోలులో 27 శాతం ఇథనాల్ 2015 నుంచీ ఉంది, 2025 ఆగస్టు నుంచి 30 చేశారు. వానలూ గట్టిగానే పడతాయి. రోడ్ల మీద బండ్లు ఆగిపోయి లేవు.

ఇథనాల్‌కీ స్టార్టింగ్‌కీ సంబంధం లేదని మాత్రం అనను. 2003 నుంచి ఇక్కడ అమ్మిన ఫ్లెక్స్ కార్లు అచ్చంగా ఇథనాల్ మీద కూడా నడుస్తాయి. ఇథనాల్ చలికి సరిగా ఆవిరి కాదు. అందుకే పాత మోడళ్లకు ఇంజిన్ దగ్గర ఒక బుల్లి పెట్రోలు ట్యాంకు వేరే ఉండేది, చలి ఉదయాల్లో స్టార్ట్ చేయడానికి మాత్రమే. కానీ అది నూటికి నూరుపాళ్లు ఇథనాల్ పోసినప్పటి సంగతి. ఇరవై శాతంతో, మిర్యాలగూడ ఎండల్లో చలి స్టార్టింగ్ సమస్య అనేది కుదరదు.

కాకినాడ_సుజుకి
అన్నా, అక్కడి బండ్లు ఆ ఇంధనానికే తయారైనవి. ఇక్కడ 2030కి అనుకున్న 20 శాతాన్ని ముందుకు జరిపి 2025కే తెచ్చేశారు. 2021లో కొన్న బండికి ఆ రోజు ఉన్నది పది శాతం లోపు ఇథనాలే. ఇప్పుడు మామూలు బంకుకు వెళ్తే వేరే పెట్రోలు కావాలన్నా దాదాపు దొరకదు. టూవీలర్లలో మైలేజీ 3-4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాసి ఉంది. పాత రబ్బరు పైపులు, సీళ్లు దీన్ని ఎన్నాళ్లు తట్టుకుంటాయో అని భయపడటం తప్పెలా అవుతుంది? నా డబ్బుతో కొన్న బండి, దాంట్లో ఏం పోయాలో నాకు అడిగే హక్కుండాలి.

బెజవాడ_షెడ్డు
హక్కు విషయంలో నేను మీ వైపే. పైపులు గట్టిపడి పగుళ్లిచ్చిన పాత బండ్లు నేనూ చూశాను. కానీ ఈ అబ్బాయి బండి కథ వేరు. అన్ని జబ్బులకూ పెట్రోలే కారణం అంటే, వదులైన బోల్టు కూడా 2,400 బిల్లు అవుతుంది. బ్యాటరీ వాళ్లకూ ఇదే మాట. టక్ టక్ వినగానే కొత్త బ్యాటరీ అమ్మేసేవాళ్లు తక్కువేం లేరు.

గుంటూరు_స్కూటీ
నాదొక ప్రశ్న. మా వీధిలో అందరూ సెకండ్ గేర్‌లో వేసి తోయమంటారు. లేదా కారు బ్యాటరీ నుంచి వైర్లు ఇవ్వమంటారు. అలా చేస్తే సమస్య తీరిపోదా? మీటర్లు గీటర్లు ఎందుకు?

బెజవాడ_షెడ్డు
అమ్మా, మీ స్కూటీకి తోసుడు పనికిరాదు. బెల్టు బండి, చక్రం తిరిగినా ఇంజిన్‌కి అందదు. గేరు బండిని తోయొచ్చు, కానీ కార్బొరేటర్ రోజుల్లోలాగా కాదు. ఇంజెక్షన్ బండికి పంపు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) పనిచేసేంత కరెంటు మిగిలి ఉండాలి. తాళం తిప్పగానే ట్యాంకు లోంచి జుయ్‌మని రెండు మూడు సెకన్లు చప్పుడు వస్తే తోసి చూడొచ్చు. ఆ చప్పుడు లేకపోతే ఊరంతా తోసినా చెమటే మిగులుతుంది.

కారు నుంచి వైర్లు ఇస్తే కారు ఇంజిన్ ఆపే ఉంచాలి. ఎర్ర వైరు ప్లస్ నుంచి ప్లస్‌కి. నల్ల వైరు కారు మైనస్ నుంచి బండి ఇంజిన్ ఇనుముకి. తిరగేసి పెడితే ఫ్యూజు పోతే అదృష్టం, ఈసీయూ పోతే వేలల్లో ఖర్చు. పైగా కారణం తెలియకుండా స్టార్ట్ చేస్తే రేపు మళ్లీ ఇదే గొడవ, ఈసారి బజారు మధ్యలో.

మిర్యాలగూడ తమ్ముడూ, శనివారం 300 పెట్టి ఒక మల్టీమీటర్ పట్టుకెళ్లు. తాళం తీసేసి బ్యాటరీ రెండు కొనల మధ్య చూడు. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 11.8 లోపైతే ఖాళీ. తర్వాత బాబాయిని సెల్ఫ్ నొక్కమను, నువ్వు మీటరు చూస్తూ ఉండు. 10 లోపు పడిపోతే బ్యాటరీలో దమ్ము లేదు. పడిపోకుండా అలాగే నిలబడి, సెల్ఫ్ మాత్రం తిరగకపోతే కరెంటు దారిలో ఎక్కడో ఆగుతోంది. అప్పుడు మీటరు వైర్ల ముల్లుల్లో ఒకటి బ్యాటరీ మైనస్ కొన మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి మళ్లీ నొక్కించు. దాదాపు సున్నా రావాలి. అర వోల్టు దాటితే ఎర్త్ కనెక్షన్ (బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే వైరు దారి) పాడైనట్టే.

కాకినాడ_సుజుకి
అదయ్యాక పెట్రోలు కూడా ఒక సీసాలోకి పట్టండి. ఆరుబయట, గాజు సీసా, గట్టి మూత, దగ్గర్లో నిప్పు లేకుండా. అరగంట కదపకండి. ఒకే పొర ఉంటే నేను నోరు మూసుకుంటాను.

మిర్యాలగూడ_125
అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి బస్సులో కూర్చుని రాస్తున్నా.

తాళం తీసి చూస్తే 12.3. సెల్ఫ్ నొక్కితే టక్. మీటరు 12.1 దగ్గరే నిలబడింది. బాబాయి "చూశావా, బ్యాటరీ బాగానే ఉంది" అని వెంటనే పార్టీ మార్చేశాడు. మేస్త్రి గారు చెప్పినట్టు మైనస్ కొన మీద ఒక ముల్లు, ఇంజిన్ మీద ఇంకోటి పెట్టి నొక్కిస్తే 9.4. అర వోల్టు దాటకూడదన్న చోట తొమ్మిదిన్నర!

సీటు కింద మైనస్ బోల్టు చేత్తోనే తిరిగింది. వైరు చివర ఉన్న రింగు కింద తెల్లగా, ఆకుపచ్చగా సున్నంలా పేరుకుపోయింది. ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పి, బ్యాటరీ బయటకు తీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. బుసబుసమని నురగ వచ్చింది. ఆరాక ఉప్పు కాగితంతో రింగు మెరిసేదాకా గీకి, బిగించి, పైన వేసలిన్ రాశాను. మళ్లీ నొక్కితే మైనస్‌కీ ఇంజిన్‌కీ మధ్య 0.1. మొదటిసారికే సెల్ఫ్ గిర్రున తిరిగి, మూడో సెకనులో బండి అంటుకుంది. ఇంజిన్ నడుస్తుండగా కాస్త రేజ్ చేసి చూస్తే 14.2, చార్జింగ్ కూడా సరిగానే ఉంది.

కాకినాడ గారూ, సీసా కూడా పట్టాను. అరగంట కాదు, రాత్రంతా పెరట్లో ఉంచాను. ఒకటే పొర. కానీ మీ మాట పూర్తిగా పక్కన పెట్టలేను. మూత చుట్టూ ఉన్న గాడిలో నీళ్లు నిలిచే ఉన్నాయి, రంధ్రం ఎర్రమట్టితో బిగిసిపోయింది. సైకిల్ చువ్వ ముక్కతో పొడిస్తే బురద నీళ్లు బండి కింద కారాయి. ఇంకో రెండు వానలు పడితే మీరు చూసిన పొరే నేనూ చూసేవాణ్ణేమో.

నాన్న ఒక రౌండు వేస్తానన్నారు. డాక్టరు ఇంకో వారం వద్దన్నాడని తాళం బాబాయికి ఇచ్చి వచ్చాను.

కాకినాడ_సుజుకి
మంచి పని చేశారు. మూత రబ్బరు కూడా నొక్కి చూడమనండి, గట్టిపడి ఉంటే మళ్లీ వానలు పడేలోపు మార్పించండి.