ట్యూషన్ ప్రశ్నపత్రాలకు ఇంట్లో లేజర్ ప్రింటర్: తక్కువ ఖర్చులో ఏది తీసుకోవాలి?

ప్రశ్న: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. నేను, మా ఆవిడ కలిసి ఇంట్లోనే ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెబుతున్నాము. ఆమె గణితం, నేను తెలుగు, సాంఘికం చూసుకుంటాము. వారంవారం పెట్టే పరీక్షల ప్రశ్నపత్రాలు, అభ్యాసపత్రాలు అన్నీ కలిపితే నెలకు దాదాపు 200 పేజీలు ముద్రించవలసి వస్తోంది. జూన్‌లో బడులు తెరిచిన దగ్గర నుంచి పబ్లిక్ పరీక్షలు ముగిసేదాకా ఈ పనికి విరామం ఉండదు గాని, వేసవిలో సుమారు రెండు నెలలపాటు ప్రింటర్ జోలికి పోవలసిన అవసరమే రాదు.

ఇంతవరకు ఒక ఇంకు ప్రింటరుతో నెట్టుకొచ్చాము. సెలవుల తరువాత దానిని తెరిచిన ప్రతిసారీ నల్ల ఇంకు గడ్డకట్టి అక్షరాల మధ్య తెల్ల గీతలు పడడం, హెడ్ శుభ్రం చేసే కమాండ్ ఇచ్చినప్పుడల్లా ఉన్న ఇంకు కాస్తా దానికే ఖర్చయిపోవడం చూసి విసిగిపోయి, ఇక నలుపు తెలుపు లేజర్ ప్రింటరే కొనాలని నిర్ణయించుకున్నాము. రంగుల అవసరం మాకు లేదు. స్కానింగ్‌కు ఫోను సరిపోతోంది. బడ్జెట్ 15 వేల రూపాయలు.

దుకాణంలో అడిగితే అన్నిటికంటే చవకైనది చూపించి ఇదే తీసుకోమంటున్నారు. ప్రింటర్ ధర తక్కువగానే ఉన్నా, దాని కార్ట్రిడ్జ్ ధర విన్న తరువాత నాకు అనుమానం మొదలైంది. ఇటువంటి వాడకానికి ఏ రకం ప్రింటర్ నిలుస్తుందో, కొనేముందు ఏయే విషయాలు అడిగి తెలుసుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

సమాధానం: టోనర్ చేతులు (విశాఖపట్నం)

నమస్కారమండీ. కార్ట్రిడ్జ్ రీఫిల్లింగ్, ప్రింటర్ సర్వీసు నా వృత్తి. మీకు వచ్చిన అనుమానం సరైనదే. లేజర్ ప్రింటర్‌కు పెట్టె మీద రాసిన ధర అసలు ధరలో ఒక భాగం మాత్రమే. ముందుగా చూడవలసింది ఆ ప్రింటర్‌లో డ్రమ్ (అక్షరాల ఆకారంలో టోనర్ పొడిని పట్టి కాగితం మీదికి చేర్చే గుండ్రటి రోలర్) ఎక్కడ ఉంది అన్నది.

లేజర్ కిరణం ముందు డ్రమ్ మీద అక్షరం ఆకారంలో విద్యుదావేశాన్ని మారుస్తుంది. టోనర్ పొడి అక్కడ అంటుకుని, అక్కడి నుంచి కాగితం మీదికి చేరి, చివర ఫ్యూజర్ వేడికి కరిగి కాగితానికి పట్టుకుంటుంది. టోనర్ పొడి ప్లాస్టిక్ రకం కనుక ఎండిపోవడం అనే మాటే లేదు. రెండు నెలలు కాదు, ఆరు నెలలు మూలన పెట్టినా జూన్‌లో మొదటి కాగితం శుభ్రంగానే వస్తుంది. మీరు లేజర్ వైపు మొగ్గడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక డ్రమ్ సంగతి. హెచ్‌పీ, కెనాన్ చిన్న ప్రింటర్లలో చాలా వాటికి డ్రమ్, టోనర్ రెండూ ఒకే కార్ట్రిడ్జ్‌లో ఉంటాయి. ఊరూరా జిరాక్స్ సెంటర్లలో కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 వాడే 303 కార్ట్రిడ్జ్, హెచ్‌పీ 1020 వాడే 12ఏ, 1108 వాడే 88ఏ అన్నీ ఈ కోవలోవే. మొదటి రెండిటికీ కంపెనీ చెప్పే సామర్థ్యం 2,000 పేజీలు, 88ఏకు 1,500. కొత్త కార్ట్రిడ్జ్ వేసిన ప్రతిసారీ కొత్త డ్రమ్ కూడా వస్తుంది కాబట్టి ముద్రణ నాణ్యత తిరిగి మొదటికి వస్తుంది, కానీ ఇంకా పనిచేసే డ్రమ్‌ను పారేసి దాని ధర మళ్లీ కడుతున్నామన్న మాట.

బ్రదర్ ప్రింటర్లలో పద్ధతి వేరు. డ్రమ్ ఒక యూనిట్, టోనర్ మరొక యూనిట్. ఉదాహరణకు హెచ్‌ఎల్-ఎల్2321డీలో టీఎన్-2365 టోనర్ 2,600 పేజీలకు, డీఆర్-2365 డ్రమ్ 12,000 పేజీలకు. టోనర్ అయిపోతే టోనర్ ఒక్కటే మార్చుకుంటారు.

మీ లెక్క తీసుకుందాం. నెలకు 200 పేజీల చొప్పున పది నెలలకు 2,000, అయిదేళ్లకు 10,000 పేజీలు. ధరలు మారుతూనే ఉంటాయి గనుక కేవలం లెక్క కోసం 1,500 పేజీల కార్ట్రిడ్జ్ 4,500 రూపాయలు, 2,600 పేజీల టోనర్ 3,900 రూపాయలు అనుకోండి. పేజీకి మొదటిదానిలో మూడు రూపాయలు, రెండోదానిలో రూపాయిన్నర పడుతుంది. అయిదేళ్లకు వచ్చే తేడా 15 వేలు, అంటే మీ బడ్జెట్ మొత్తం. ఆ 10,000 పేజీలకు విడి డ్రమ్ మార్చవలసిన అవసరం కూడా రాకపోవచ్చు. మీ ఊళ్లో అడిగిన అసలు ధరలు ఈ లెక్కలో పెట్టి చూసుకుంటే ఏది చవకో మీకే తేలుతుంది.

రెండు జాగ్రత్తలు. ఈ పేజీల సంఖ్యలన్నీ కాగితం మీద దాదాపు 5 శాతం మేరకే నలుపు ఉంటుందన్న అంచనాతో చెప్పేవి. రెండు వరుసల్లో కిక్కిరిసిన ప్రశ్నపత్రానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, కాబట్టి చెప్పినన్ని పేజీలు రావు. రెండోది, కొత్త ప్రింటర్‌తో వచ్చేది చాలాసార్లు సగం నింపిన స్టార్టర్ కార్ట్రిడ్జే. అది ఎన్ని పేజీలకో పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనేముందు చూడండి.

సమాధానం: నీలి ఇంకు (కరీంనగర్)

పై సమాధానంతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు. పేజీ ఖర్చే కొలమానమైతే ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ను (సీసాలోని ఇంకును నేరుగా ట్యాంకులో పోసుకునేది) లేజర్ ఏ విధంగానూ అందుకోలేదు. ఎప్సన్ 003 నల్ల ఇంకు సీసా ఒక్కటి 4,500 పేజీలకు అని కంపెనీ చెబుతుంది, ఆ సీసా ధర టోనర్ ధరలో చిన్న భాగం. సెలవుల్లో వారానికి ఒక రంగుల పేజీ తీస్తే హెడ్ ఎండిపోయే సమస్య చాలావరకు రాదు. మా ఇంట్లో క్యాలెండర్ పేజీలు, వంటల కాగితాలు తీస్తూ అలాగే నడిపిస్తున్నాము.

ఇంకో మాట. ఒకే ప్రశ్నపత్రం ముప్పై మందికి కావాలంటే ముప్పై ప్రతులూ ప్రింటర్‌లోనే తీయవలసిన అవసరం లేదు. ఒక్కటి శుభ్రంగా తీసి జిరాక్స్ సెంటర్‌లో ఇస్తే పెద్ద మెషీన్ మీద వాళ్లకు పడే ఖర్చు మన ఇంటి ప్రింటర్ కంటే తక్కువ. మీ 200 పేజీల్లో ఇటువంటివి ఎన్నో చూసుకోండి.

ప్రశ్న: గోదావరి గట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. జిరాక్స్ సలహా బాగుంది గాని, పరీక్ష పెట్టే రోజు సాయంత్రం దాకా మా ఆవిడ లెక్కలు మారుస్తూనే ఉంటుంది. సందు చివరి జిరాక్స్ సెంటర్‌లో ఆ వేళకు కాలేజీ పిల్లల వరుస ఉంటుంది. ఇక సెలవుల్లో మేము ఊరు వెళ్తాము, వారానికొక పేజీ తీసేవారు ఇంట్లో ఉండరు. అందువల్ల లేజర్ మీదే ఉన్నాను.

మరో మూడు సందేహాలు. మా ఇంట్లో కరెంటు తరచు పోతుంది, కంప్యూటర్‌కు ఉన్న యూపీఎస్‌కే ప్రింటర్ కూడా తగిలించవచ్చునా? వైఫై ఉన్న మోడల్‌కు అదనంగా పెట్టడం అవసరమా? తెలుగు ప్రశ్నపత్రాలు కొన్ని అను ఫాంట్లలో టైపు చేయించినవి ఉన్నాయి, కొన్ని యూనికోడ్‌లో నేను చేసుకున్నవి. లేజర్‌లో వాటికి ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

సమాధానం: ఒత్తులు పొల్లులు (హైదరాబాద్)

డీటీపీ పనిలో ఉన్నాను కనుక మూడో సందేహంతో మొదలుపెడతాను.

అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెరమీదే అర్థంకాని అక్షరాలు కనిపిస్తాయి, అందులో ప్రింటర్ ప్రమేయం లేదు. టైపు చేసినవారినే ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్ చేసి ఇమ్మనండి. అయినా కాగితం మీద ఏదైనా ఒత్తు పక్కకు జరిగినా, మాయమైనా, అడోబీ రీడర్‌లో ప్రింట్ కిటికీ తెరిచి అడ్వాన్స్‌డ్‌లో ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ ఎంచుకోండి. అప్పుడు పేజీ మొత్తం బొమ్మగా మారి ప్రింటర్‌కు వెళ్తుంది కాబట్టి ఫాంటు గొడవ ఉండదు, పేజీ వెలువడడం కొద్దిగా ఆలస్యమవుతుంది, అంతే. చవకైన లేజర్ ప్రింటర్లు చాలావరకు పేజీని కంప్యూటర్‌లోనే చుక్కలుగా మార్చుకుని తీసుకునేవే కనుక తెలుగు, ఇంగ్లీషు అన్న భేదం వాటికి లేదు.

నేను ఒత్తి చెప్పేది టోనర్ సేవ్ గురించి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) 12 పాయింట్ల తెలుగు అక్షరం చక్కగా వస్తుంది. టోనర్ సేవ్ (పొడి తక్కువగా వాడే సెట్టింగు) పెట్టారంటే ‘లక్ష్మి’లో మ ఒత్తు, ‘రాష్ట్రం’లో రెండు ఒత్తులు సన్నబడి పదో తరగతి పిల్లవాడికి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. గణితం పేపరుకు పెట్టుకోవచ్చు, తెలుగు పేపరుకు వద్దు.

యూపీఎస్‌కు మాత్రం తగిలించకండి. ఫ్యూజర్ 200 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లో వేడెక్కాలి. ఆ వేడెక్కే క్షణాల్లో ప్రింటర్ వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది, కొన్ని మోడళ్లలో అది వెయ్యి వాట్లకు దగ్గరగా పోతుంది. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లు. ప్రింట్ ఇచ్చిన మరుక్షణం యూపీఎస్ కీచుమని అరిచి కంప్యూటర్‌తో సహా ఆగిపోతుంది. ప్రింటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కే ఇవ్వండి. ముద్రణ మధ్యలో కరెంటు పోతే కాగితం ఫ్యూజర్ దగ్గర ఇరుక్కుపోతుంది, కొంచెంసేపు చల్లారనిచ్చి తరువాతే వెనుక మూత తెరిచి నెమ్మదిగా లాగండి.

వైఫై విషయం మీ అలవాటును బట్టి ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే ఉండి పక్కనే ప్రింటర్ ఉంటే యూఎస్‌బీ తీగ చాలు, అది ఎన్నడూ తగువు పెట్టదు. ఫోనులోంచి నేరుగా తీయాలంటేనే వైఫై. చవక మోడళ్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కనుక రౌటర్‌లో అది ఆపి ఉంటే ప్రింటర్‌కు నెట్‌వర్క్ కనిపించదు. ఆ డబ్బును వైఫైకి బదులు ఆటోమేటిక్ డ్యూప్లెక్స్ మీద పెట్టమని నా సలహా. కాగితం రెండు వైపులా తానే ముద్రించుకుంటే మీ కాగితం ఖర్చు సగానికి దగ్గరవుతుంది. చేత్తో తిప్పి పెట్టే పద్ధతిలో, ఒకసారి వేడెక్కి వంకర తిరిగిన కాగితాలు రెండోసారి జామ్ కావడం మామూలే.

సమాధానం: టోనర్ చేతులు

కరీంనగర్ మిత్రులు చెప్పినది వారి వాడకానికి సరైనదే, ఏడాది పొడవునా నడిచే ఇంట్లో ట్యాంక్ ప్రింటర్‌ను నేను కూడా వద్దనను. ఊరు వెళ్లేవారికి మాత్రం లేజరే.

రీఫిల్ గురించి ఎవరూ అడగలేదు గాని, ఎలాగూ ఆ దారికి వస్తారు కాబట్టి చెబుతున్నాను. డ్రమ్ కలిసి ఉన్న కార్ట్రిడ్జ్‌లో వాడేసిన టోనర్ చేరే గది ఒకటి ఉంటుంది. రీఫిల్ చేసేవారు ఆ గదిని ఖాళీ చేయకుండా పైన పొడి మాత్రమే నింపితే, కొద్దిరోజుల్లో కాగితం అంచుల వెంట బూడిద రంగు మరకలు, ప్రింటర్ అడుగున పొడి కనిపిస్తాయి. మీ ఎదుటే విప్పి, గది ఖాళీ చేసి, బ్లేడు తుడిచి నింపే చోటే ఇవ్వండి. పొడి బట్టల మీద పడితే వేడినీళ్లు తగలనీయకూడదు, కరిగి అంటుకుపోతుంది. దులిపి చన్నీళ్లతో కడగాలి. ఇంకొకటి, కొత్త మోడళ్లలో కొన్నిటికి కార్ట్రిడ్జ్ మీద చిప్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తరువాత బయటి చిప్‌ను ఒప్పుకోనివి ఉన్నాయి. కొనేముందు మీ ఊరి రీఫిల్ దుకాణంలో ఆ మోడల్ పేరు చెప్పి “నింపుతారా, చిప్ దొరుకుతుందా?” అని అడగండి. అమ్మే దుకాణం చెప్పే సమాధానం కంటే అది నమ్మదగినది.

మచ్చలు వస్తే స్కేలు తీసుకోండి. ఒకే మచ్చ కాగితం మీద కిందికి సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే తప్పు ఏదో ఒక రోలర్‌దో డ్రమ్‌దో. 12ఏ రకంలో ఆ దూరం సుమారు 7.5 సెంటీమీటర్లు, బ్రదర్ 2321లో 9.4 సెంటీమీటర్లు ఉంటే డ్రమ్ మీద గీత పడినట్టే. అలా కాక పేజీ పొడవునా నిలువుగా నల్ల గీత వస్తే బ్రదర్ డ్రమ్ యూనిట్ మీద ఆకుపచ్చ మీట ఉంటుంది, దానిని అటూ ఇటూ నాలుగైదు సార్లు జరిపితే లోపలి తీగ శుభ్రమవుతుంది. మీటను మళ్లీ బాణం గుర్తు దగ్గరికే చేర్చాలి. మధ్యలో వదిలేసి, ప్రింటర్ చెడిపోయిందని మోసుకొచ్చేవారు మా దుకాణానికి వస్తూనే ఉంటారు.

ప్రశ్న: గోదావరి గట్టు

చాలా వివరంగా చెప్పారు. డ్రమ్ విడిగా ఉండి, డ్యూప్లెక్స్ ఉన్న యూఎస్‌బీ మోడల్‌కే నిర్ణయించుకున్నాను. ఒక ఆఫీసు మూసేస్తూ అదే రకం ప్రింటర్‌ను సగం ధరకు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చునా?

సమాధానం: టోనర్ చేతులు

తీసుకోవచ్చు, ముందు అది ఎంత తిరిగిందో చూడండి. అది బ్రదర్ 2321 అయితే ట్రేలో కాగితాలు పెట్టి, గో బటన్ మూడుసార్లు నొక్కితే సెట్టింగుల పేజీ వస్తుంది. అందులో ఇప్పటిదాకా ముద్రించిన మొత్తం పేజీల సంఖ్య ఉంటుంది. అది డ్రమ్ ఆయువైన 12,000కు దగ్గరగా ఉంటే కొత్త డ్రమ్ ధర వాళ్లు చెప్పిన ధరకు కలుపుకుని చూడండి. తరువాత పది కాగితాలు ఏకధాటిగా తీయండి. రెండేసి కాగితాలు లాగుతున్నా, అసలు లాగకపోతున్నా పికప్ రోలర్ అరిగిందని అర్థం, అది చిన్న ఖర్చే. వచ్చిన కాగితం మీద అక్షరాన్ని బొటనవేలితో గట్టిగా రుద్దండి. నలుపు వేలికి అంటితే ఫ్యూజర్ వేడెక్కడం లేదు. ఆ ప్రింటర్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు.