కొత్త సెట్టు వచ్చిన ప్రతి తూరీ ఇదే గోల, కార్డులు అమ్మే పద్ధతేనా ఇది?

ట్రంకురోడ్డు_ట్రేడరు (నెల్లూరు)

ముందే చెప్తుండా, కొంచెం పొడుగ్గా ఉంటది, కడుపుమంటతో రాస్తుండా కాబట్టి సర్దుకోండి. మాగుంట లేఅవుట్‌లో మా ఫ్రెండు వాళ్ళ మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం ఎనిమిది మందిమి కూర్చుని కార్డు గేమ్ ఆడతాం, నాలుగేళ్ళ నుంచి ఇదే అలవాటు. గేమ్ పేరు, కంపెనీ పేరు ఈడ పెట్టట్లా, ఆడేవాళ్ళకి ఎట్టాగూ అర్థమైపోతది, ఆడనోళ్ళకి పేరుతో పన్లేదు. (మా అమ్మ మొదటి ఆర్నెల్లు పేకాటే అనుకుంది, వీడు ఎవురి మేడ మీదో ముక్కలాడతుండాడని నాయనకి చెప్పి పెద్ద పంచాయితీ పెట్టింది, ఆయనొచ్చి డ్రాగన్ బొమ్మలు చూసి ఏం మాట్లాడకుండా మెట్లు దిగిపోయినాడు.)

విషయం ఏందంటే, కొత్త సెట్టు, అంటే కొత్త కార్డుల బ్యాచ్, రెణ్ణెల్ల కింద అనౌన్స్ చేశారు. ఆ రోజే ఇండియాలో అమ్మే ఒక ఆన్‌లైన్ షాపులో ప్రీఆర్డర్ పెట్టి మొత్తం కట్టేశా, 36 ప్యాకెట్ల బాక్సు 14,500 (ప్యాకెట్లు మూసే ఉంటాయ్, లోపల ఏ కార్డులుండాయో చించితేనే తెలుస్తది), అందరం తలా కొంత వేసుకున్నాం. రిలీజ్‌కి మూడు రోజులుందనగా మెయిలొచ్చింది, పైనుంచి అనుకున్నంత స్టాక్ రాలేదు, మీ ఆర్డర్ క్యాన్సిల్, డబ్బులు వారం పది రోజుల్లో వెనక్కొస్తాయి అని. సరేలే వాళ్ళ చేతుల్లో ఏముంది అనుకున్నా. శుక్రవారం రిలీజ్. శనివారం పొద్దున చూస్తే అదే షాపులో అదే బాక్సు 26,000. స్టాక్ రాలేదన్నోడికి ఈ బాక్సు యాడ నుంచి వచ్చింది, పెన్నలో కొట్టుకొచ్చిందా?

కంపెనీ సొంత సైటు ఇండియాకి పంపదు. డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకుని బతిమాలితే వాడు ఆఫీసు మీటింగులో కూర్చునే ఆ సైట్లో క్యూలో నిలబడ్డాడు, అవును ఆన్‌లైన్‌లో కూడా క్యూనే, తెర మీద ఒక గీత మెల్లగా జరుగుతా ఉంటది, పొరపాటున రిఫ్రెష్ కొట్టామంటే మళ్ళా మొదటికి. యాభై నిమిషాలకి లోపలికి పోతే అన్నీ అయిపోయినాయ్. పాపం వాడు మర్నాడు తెల్లారే షాపు కాడికి పోయినాడు, ముందు ఇరవై మంది, ఒక్కడు కూడా ఆడే మొహం కాదంట, ఫోన్లో రేట్లు చూసుకుంటా నిలబడ్డోళ్ళేనంట.

పోనీ దొరికినా ఒక రకమా. మామూలు ప్యాకెట్టు, కలెక్టర్ ప్యాకెట్టు, రేకు డబ్బా, గిఫ్ట్ బాక్సు, అన్నింట్లో అదే సెట్టు, కానీ గిఫ్ట్ బాక్సులో మాత్రమే ఉండే ఒక కార్డు ఉంటది, ఆ ఒక్క కార్డుతోనే ఈ తూరి డెక్కులన్నీ, అంటే ఆడేదానికి పేర్చుకునే కార్డుల కట్టలన్నీ, నడుస్తుండాయ్. ఇవి ఇంకా ఇంటికి చేరకముందే తర్వాతి సెట్టు ట్రైలర్ వదిలారు.

నా డౌటు ఒకటే. నిజంగా ప్రింటు చాలకే ఇట్టా అవుతుందా, లేకపోతే గోల లేవాలని కావాలనే తక్కువ వదుల్తుండారా? మీరంతా ఎట్టా కొంటుండారు?

పాత_అంగడాయన (ఒంగోలు)

తమ్ముడూ, నేను కర్నూల్ రోడ్డులో బొమ్మలు, బోర్డు గేములు అమ్మే అంగడి నడిపి మూడేళ్ళ కింద మూసేశా, కాబట్టి కౌంటరుకి అవతల పక్క ఏం జరుగుద్దో చెప్తా. ఆ షాపువాడు చేసింది మోసమే, దాంట్లో రెండో మాట లేదు, రిఫండ్ వచ్చిందో లేదో ముందు చూసుకో, మెయిలూ ఆ కొత్త రేటూ రెండూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొట్టు, తెలుగులోనే మాట్లాడతారు.

కానీ వాడు నీకు రాసిన మొదటి ముక్క అబద్ధం కాకపోవచ్చు. ఈ సరుకు కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి, డిస్ట్రిబ్యూటర్ నుంచి అంగడికి వస్తది. మేం పది బాక్సులు రాస్తాం, రిలీజ్ ముందు మాకు మూడు అంటారు, దీన్ని అలొకేషన్ అంటారు. ఎందుకు మూడే అంటే చెప్పేవాడు ఉండడు. ఆ మూడు కూడా ఊరికే ఇవ్వరు. మీ పల్లెలో యూరియా కోసం పోయినోళ్ళని అడుగు, బస్తా కావాలంటే ఈ మందు డబ్బా కూడా తీసుకో అని లింకు పెడతారు చూడు, అచ్చం అదే. కొత్త సెట్టు ఒక బాక్సు కావాలంటే పోయిన ఏడాది కదలని సెట్టు నాలుగు బాక్సులు ఎత్తుకోవాల. నా అంగట్లో అట్టా ఎత్తుకున్న బాక్సులు మూసేసిన రోజు కూడా అటక మీద ఉన్నాయ్, మా తమ్ముడి పిల్లోడి పుట్టినరోజుకి రిటర్న్ గిఫ్టులుగా పంచిపెట్టాం.

ఇప్పుడు లెక్క నువ్వే చెప్పు. నాలుగు చచ్చిన బాక్సుల మీద పోయింది ఆ ఒక్క బాక్సు మీదే రాబట్టుకోవాల. ఎమ్మార్పీకి అమ్మితే నేను మునుగుతా, ఎక్కువకి అమ్మితే నువ్వు తిడతావ్. కంపెనీ మాత్రం అయిదు బాక్సులు అమ్ముకుంది.

బేరం_లేదు (కందుకూరు)

ఎవురేమనుకున్నా సరే నేను చెప్పేది చెప్తా. తప్పు కొనేవాళ్ళదే. 26,000కి పెట్టాడంటే 26,000కి కొనేవాడు ఉన్నాడనే కదా. మాది పొగాకు ఇల్లు. వేలం ప్లాట్‌ఫారం మీద బేలు పెడతాం, రేటు అందరి ముందూ పలుకుద్ది, ఎవుడూ పాడకపోతే నో బిడ్ అని రాసి వెనక్కి పంపుతారు, ఆ రోజు మా నాయన మొహం చూడలేం. కొనేవాడు పాడకపోతే ఎంత పెద్ద సరుకైనా ఇంటికే. మీరు కూడా ఒక్క సెట్టుకి అట్టా నో బిడ్ కొట్టి చూడండి, కంపెనీవాడే బాక్సులు నెత్తిన పెట్టుకుని వస్తాడు. ఆ పని మాత్రం చెయ్యరు, తిట్టుకుంటానే కొంటారు.

ట్రంకురోడ్డు_ట్రేడరు

@బేరం_లేదు అన్నా, మాట బాగుంది కానీ వేలంలో బేలు విప్పి ఆకు చూపిస్తారు గదా. ఈడ ప్యాకెట్టు మూసే ఉంటది. రొయ్యల చెరువు కాడ కూడా వల వేసి కౌంటు చూసినాకనే రేటు మాట్లాడతారు. చూడకుండా కొనమనేది ఈ ఒక్క వ్యాపారమేనేమో.

@పాత_అంగడాయన అన్నా థ్యాంక్స్, రిఫండ్ ఇంకా రాలా, రేపు 1915కి చేస్తా. ఈ లింకు సంగతి నాకు తెలీనే తెలీదు.

లెక్కల_సారు (కావలి)

నేను ఆడను, మా అబ్బాయి ఎనిమిదో తరగతి, వాడి కోసం ఈ గ్రూపులో చేరాను. ఒక చిన్న లెక్క చెప్తాను, మా వాడికి కూడా ఇదే చెప్పాను.

ఏదో ఒక కార్డు సగటున 100 ప్యాకెట్లకి ఒకటి వస్తుంది అనుకుందాం. పిల్లలందరూ ఏమనుకుంటారంటే 100 కొంటే ఖాయంగా వస్తుందని. రాదు. ఒక ప్యాకెట్లో రాకపోయే అవకాశం 100కి 99. అట్లా 100 ప్యాకెట్లకి 0.99ని వంద సార్లు హెచ్చవేస్తే సుమారు 0.37 వస్తుంది. అంటే వందేసి ప్యాకెట్లు కొన్న వంద మందిలో సుమారు 37 మంది వట్టి చేతులతో ఇంటికి పోతారు. మీ 36 ప్యాకెట్ల బాక్సులో అది దొరికే అవకాశం నూటికి 30 మాత్రమే. పోయిన ప్యాకెట్లో రాలేదు కాబట్టి ఈసారి వస్తుంది అనేది కూడా ఉత్తిదే, ప్యాకెట్టుకి మన బాధ తెలియదు. అన్ని కంపెనీలూ అంకెలు ఒకేలా బయట పెట్టవు కాబట్టి మీ గేమ్‌లో ఎంతో నేను చెప్పలేను, లెక్క మాత్రం ఇదే.

మా వాడు విన్నాడు, తలూపాడు, సాయంత్రం వాళ్ళమ్మ దగ్గర డబ్బులు తీసుకుని బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో యాభై రూపాయల బంగారం రంగు కార్డులు కొనుక్కొచ్చాడు, పది కార్డులకి పదీ మెరుస్తున్నాయి. అవి నకిలీవని వాడికి ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. మీలో తెలిసినవాళ్ళు చెప్పండి, అసలు కార్డు గుర్తు పట్టేది ఎట్లా?

సెంట్రల్_లోకల్ (చెన్నై, ఊరు గూడూరు)

@లెక్కల_సారు సార్, ఫోన్ టార్చ్ కార్డు వెనక పెట్టి చూడండి, పేరున్న గేముల కార్డుల్లో రెండు కాగితాల మధ్య ముదురు రంగు పొర ఉంటది, వెలుతురు అంతగా దాటదు, నకిలీ అయితే బల్బు మొత్తం కనిపిస్తది. పది రూపాయల పాత కార్డు ఒకటి దొరికితే దాని అంచు చించి చూపించండి, ఆ పొర కంటికే తెలుస్తది. బాబుకి ఇప్పుడే చెప్పొద్దులెండి, కొన్నాళ్ళు మెరవనీండి.

ఇక అసలు ప్రశ్నకి. కావాలని తక్కువ వదుల్తున్నారా అంటే, నా లెక్కలో సగం అవును సగం కాదు. ఈ గొడవ ఈ రకం గేములు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల ఆయన చేసిన మ్యాజిక్ ద గ్యాదరింగ్ వచ్చినప్పుడు మొదటి ప్రింటు చూస్తుండగానే అయిపోయింది, ఎవురూ అంత అమ్ముడుపోద్దని అనుకోలా. పాత కార్డులు దొరకట్లేదని గోల పెడితే 1995లో క్రానికల్స్ అని ఒక సెట్టు వేసి చాలా పాత కార్డులు మళ్ళా ప్రింటు చేశారు. ఆడేవాళ్ళకి పండగ. దాచుకున్నోళ్ళు మాత్రం మా కార్డుల రేటు పడిపోయిందని మీద పడ్డారు. దెబ్బకి 1996లో కంపెనీ ఒక లిస్టు రాసి ఈ కార్డులు ఇంకెప్పుడూ వెయ్యం అని మాట ఇచ్చింది, ఆ లిస్టు ఈ రోజుకీ ఉంది. అంటే ఎక్కువ వేస్తే ఒకడు ఏడుస్తాడు, తక్కువ వేస్తే ఇంకొకడు. కంపెనీ ఎవుడి ఏడుపు వింటదంటే ఎక్కువ డబ్బులు పెట్టేవాడిది.

2022లో అదే గేమ్ 30 ఏళ్ళ పండగని నాలుగు ప్యాకెట్లు కలిపి 999 డాలర్లకి పెట్టారు, మొత్తం 60 కార్డులు, అవి టోర్నమెంట్లో ఆడటానికి కూడా పనికిరావు. అప్పుడు జనం నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. జనం పిచ్చి కూడా తక్కువేం కాదు, 2021 మే నెలలో అమెరికాలో టార్గెట్ షాపు పార్కింగ్‌లో కార్డుల కోసం కొట్లాట జరిగి వాళ్ళు కొన్నాళ్ళు షాపుల్లో అమ్మడమే ఆపేశారు. మీ డల్లాస్ అన్న క్షేమంగా ఇంటికొచ్చాడు, సంతోషించండి.

వేరే దారి లేదా అంటే ఉంది. 2008 నుంచి లివింగ్ కార్డ్ గేమ్ అని ఒక పద్ధతి నడుస్తోంది, ప్యాకెట్టులో ఏ కార్డులుంటాయో ముందే తెలుస్తది, అందరికీ అవే, లాటరీ లేదు. నేను రెండేళ్ళు ఆడా. నిజం చెప్పాలంటే బాగుంటది కానీ ప్యాకెట్టు చించేటప్పుడు గుండె కొట్టుకోదు. మనకి ఆ కొట్టుకోవడం కూడా కావాల, అదే కంపెనీకి తెలిసిన కిటుకు.

సింగిల్స్_సింహం

ప్యాకెట్లు ఆపేయ్ బ్రో, కావాల్సిన కార్డు ఒక్కటే సింగిల్‌గా, అంటే ప్యాకెట్టు చించినోళ్ళ దగ్గర విడిగా కొను, అది కూడా రిలీజ్ అయిన నెలన్నర తర్వాత. మొదటి వారం రేటుకీ అప్పటి రేటుకీ పొంతనే ఉండదు. నేను మూడేళ్ళుగా బాక్సు మొహం చూడలా.

బేరం_లేదు

@సింగిల్స్_సింహం నేను చెప్పింది కూడా అదే గదయ్యా, నాకు ఒక్కడు లైకు కొట్టలా.

పాత_అంగడాయన

@సింగిల్స్_సింహం నెలన్నర ఆగమనేది మంచి మాటే, రెండో విడత సరుకు దిగినాక మా అంగట్లో కూడా రేటు జారేది. కానీ అందరూ సింగిల్సే కొంటే ఆ సింగిల్స్ కోసం ప్యాకెట్లు చించేది ఎవురు? ఎవుడో ఒకడు చించాల, వాడే ఈ తమ్ముడు.

ట్రంకురోడ్డు_ట్రేడరు

😂 అన్నా అట్టా అనకండి.

అప్‌డేట్ పెడుతుండా. 1915కి చేశా, కంప్లయింట్ రాసుకుని నంబరిచ్చారు, మర్నాడు సాయంత్రానికే షాపువాడు రిఫండ్ వేశాడు, సారీ సార్ సిస్టమ్ ఎర్రర్ అంట. ఎర్రర్ కరెక్టుగా 11,500 రూపాయల ఎర్రర్.

మా ఎనిమిది మందిమి మాట్లాడుకున్నాం. ఒకడు ఈ సెట్టు మొత్తం మానేద్దాం అన్నాడు, ఇద్దరు అలిగారు. ఆఖరికి ఏం తేల్చామంటే, రెండో విడత దాకా ఆగుతాం, అప్పటిదాకా ఉన్న డెక్కులతోనే, ఆ గిఫ్ట్ బాక్సు కార్డు మాత్రం జిరాక్స్ తీసి పాత కార్డు మీద కవరులో పెట్టి ఆడుకుంటాం, ఇంట్లో ఆడే ఆటే గదా టోర్నమెంటా ఏమన్నానా. జిరాక్స్ అంగడాయన డ్రాగన్‌ని చూసి కలరా, బ్లాక్ అండ్ వైటా అని అడిగాడు, కలర్ పది రూపాయలు. 26,000 బాక్సులో కార్డు పది రూపాయలకి వచ్చింది, మా అమ్మకి చెప్తే మొదటి తూరి ఈ గేమ్ గురించి నవ్వింది.

ఇంకోటి, మా దగ్గర డబుల్స్, అంటే ఒకే కార్డు రెండేసి వచ్చినవి, శానా పడుండాయ్. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు కాడ నా రొట్టె నీకు నీ రొట్టె నాకు అన్నట్టు, దుడ్లు లేకుండా కార్డుకి కార్డు మార్చుకుందామని అనుకుంటుండాం. నెల్లూరు, కావలి వైపు ఎవురైనా ఉంటే ఆదివారం నాలుగింటికి రండి, అడ్రసు పర్సనల్ మెసేజ్‌లో ఇస్తా.

లెక్కల_సారు

మా వాడిని తీసుకురావచ్చా? టార్చ్ పరీక్ష వాడే స్వయంగా చేసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాడి దగ్గర అసలువి పదకొండు ఉన్నాయట. నీటి తాబేలు ఒకటి కావాలంటున్నాడు, పేరు నాకు నోరు తిరగడం లేదు.

ట్రంకురోడ్డు_ట్రేడరు

తీసుకురండి సార్. తాబేలు నా దగ్గర రెండుండాయ్, ఒకదానికి మూల రవ్వంత మడత పడింది, బాబుకి మంచిదే ఇస్తా.